ఈ-సైకిల్ కనెక్టర్లు: ఏది కావాలో తేల్చుకోవడం, వరంగల్‌లో వెతుక్కోవడం

హన్మకొండలోనో, వరంగల్ స్టేషన్ రోడ్డులోనో ఏదైనా ఆటో ఎలక్ట్రికల్ షాపుకెళ్ళి "అన్నా, ఎలక్ట్రిక్ సైకిల్‌ది కనెక్టర్ ఉందా?" అని అడగండి. "ఎన్ని పిన్నులది?" అని ఎదురు ప్రశ్న వస్తుంది. దానికి జవాబు లేకపోతే ఆయన టూవీలర్ కప్లర్లు నాలుగు తీసి బల్ల మీద పెడతాడు. ఒక్కటీ పట్టదు. షాపాయన తప్పేం లేదు. ఈ-సైకిల్ కనెక్టర్ అంటూ ఒకే వస్తువు లేదు మరి. హబ్ మోటార్ (చక్రం మధ్యలోనే ఉండే మోటార్) పెట్టిన మామూలు సైకిల్లోనే బ్యాటరీకి ఒక రకం, మోటార్‌కు ఒక రకం, యాక్సిలరేటర్, బ్రేకులకు ఇంకో రకం, చార్జర్‌కు మరొకటి ఉంటాయి.

అందుకే పేరు వెతికే ముందు ఒకటి తేల్చుకోవాలి. ఈ జాయింటులో రెండు వైపులా మార్చుకోవచ్చా, లేక ఒక వైపు ముట్టుకోకూడనిదా? రెండు వైపులా మన చేతిలో ఉంటే కంపెనీ కనెక్టర్ కోసం తిరగనక్కర్లేదు. కరెంటు తట్టుకునే మంచి జత ఏది దొరికినా పాత సగాలు రెండూ కోసి దాన్నే పెట్టేయొచ్చు. ఒక వైపు వారంటీలో ఉన్న బ్యాటరీయో, సీలు చేసిన మోటార్ కేబులో ఉంటే మాత్రం అచ్చం అదే కావాలి. ఈ తేడా చూసుకోక కొందరు దొరకని వస్తువు కోసం వారాల తరబడి తిరుగుతారు, ఇంకొందరు కోయకూడని చోట కోసేస్తారు.

ఇక్కడ చెప్పేది 36, 48 వోల్టుల సైకిళ్ళ గురించి. మోటార్ 250 వాట్ల లోపు, వేగం గంటకు 25 కిలోమీటర్ల లోపు ఉండి రిజిస్ట్రేషన్ అక్కర్లేని సైకిళ్ళు ఎక్కువగా ఇవే. కాలేజీ ప్రాజెక్టుల్లో తరచూ కనిపించే 24 వోల్టుల ఎంవై1016జడ్ బ్రష్ మోటార్‌కు లావు వైర్లు రెండే. దానికి బ్యాటరీ కనెక్టర్ గురించి చెప్పినది చదువుకుంటే చాలు.

మొదటి పని: బ్యాటరీ విప్పడం, ఫొటోలు తీయడం

36 వోల్టుల లిథియం బ్యాటరీ నిండా చార్జ్ అయితే మామూలుగా 42 వోల్టులు, 48 వోల్టులది 54.6 వోల్టులు ఉంటుంది. దీంతో షాక్ కంటే షార్టు ప్రమాదం ఎక్కువ. బ్యాటరీ తీసి పక్కన పెట్టాక కూడా కంట్రోలర్ (బ్యాటరీ నుంచి మోటార్‌కు కరెంటు అందించే పెట్టె) లోపలి కెపాసిటర్లలో కాస్త చార్జి మిగులుతుంది. స్విచ్ ఆన్ చేసి నాలుగైదు నిమిషాలు వదిలేస్తే దిగిపోతుంది. బ్యాటరీ వైపు వైరు కోయాల్సి వస్తే ఎరుపు, నలుపు కలిపి ఒకే కటింగ్ ప్లేయర్ దెబ్బకు కోయొద్దు. రెండింటినీ ఆ ఇనుము కలిపేస్తుంది, నిప్పురవ్వలు లేస్తాయి. ఒకటి కోసి, దాని కొసకు టేపు చుట్టి, ఆ తర్వాతే రెండోది ముట్టుకోండి.

కనెక్టర్ విప్పే ముందు ఒక ఫొటో, విప్పాక రెండు సగాల ముఖాలు కనిపించేలా ఒక్కో ఫొటో తీయండి. పక్కన స్టీలు స్కేలు పెట్టి తీస్తే ఆ ఫొటో షాపులో చూపించడానికీ, ఆన్‌లైన్‌లో పోల్చుకోవడానికీ పనికొస్తుంది. ఏ రంగు వైరు అవతల ఏ రంగు వైరుతో కలుస్తోందో కాగితం మీద రాసుకోండి. రంగులు రెండు వైపులా ఒకేలా ఉంటాయన్న నమ్మకం ఈ సైకిళ్ళలో పెట్టుకోకూడదు.

రెండో పని: అది ఏ లైనో కనుక్కోవడం

లావుగా రెండు వైర్లు, ఒకటి ఎరుపు, ఒకటి నలుపు అయితే బ్యాటరీ లైను. లావుగా మూడు, సాధారణంగా పసుపు, ఆకుపచ్చ, నీలం అయితే మోటార్ ఫేజు వైర్లు, అంటే మోటార్‌ను తిప్పే కరెంటు వెళ్ళేవి. వాటితోనే సన్నగా అయిదో ఆరో వైర్ల గుత్తి వస్తే అది మోటార్‌లోని హాల్ సెన్సర్లది, మోటార్ ఏ స్థానంలో ఉందో కంట్రోలర్‌కు చెప్పేవి అవే. ఎరుపు 5 వోల్టులు, నలుపు గ్రౌండు, మిగతా మూడూ సిగ్నళ్ళు, ఆరోది ఉంటే స్పీడు సెన్సర్‌ది. సన్నటి మూడు వైర్లు యాక్సిలరేటర్‌వో, పెడల్ సెన్సర్‌వో అయి ఉంటాయి.

సన్నటి రెండు వైర్ల దగ్గరే మోసం. బ్రేకు స్విచ్చుకు రెండు వైర్లు, లైటుకు రెండు, తాళం చెవికి రెండు, కొన్ని కంట్రోలర్లలో మోటార్‌ను గుర్తుపట్టించే లెర్నింగ్ వైర్లు రెండు. చవక కిట్లలో వీటన్నిటికీ ఒకే రకం రెండు పిన్నుల తెల్ల కనెక్టర్ పెట్టేస్తారు. తాళం వైర్లలో బ్యాటరీ వోల్టేజీ మొత్తం ఉంటుంది. దాన్ని పొరపాటున బ్రేకు సాకెట్‌లో గుచ్చితే 5 వోల్టుల లైనులోకి 36 వోల్టులు వెళ్ళి కంట్రోలర్ పోతుంది. కనెక్టర్ పట్టింది కదా అని కనెక్షన్ సరైనదని అనుకోకూడదు. విప్పిన ప్రతిదానికీ చిన్న టేపు ముక్క చుట్టి పెన్నుతో పేరు రాయండి.

మూడో పని: ఆంపియర్ల లెక్క

లావు వైర్ల కనెక్టర్‌కు మాత్రమే ఈ లెక్క కావాలి. 250 వాట్లను 36 వోల్టులతో భాగిస్తే 7 ఆంపియర్లే వస్తాయి. ఆ అంకె చూసి చిన్న కనెక్టర్ తీసుకోవద్దు. కాజీపేట రైల్వే బ్రిడ్జి ఎక్కేటప్పుడు కంట్రోలర్ తన గరిష్ఠ పరిమితి దాకా లాగుతుంది. ఆ పరిమితి కంట్రోలర్ స్టిక్కర్ మీద రాసి ఉంటుంది. 36 వోల్టుల 250 వాట్ల కిట్లలో సాధారణంగా 14, 15 ఆంపియర్లు, పెద్ద 48 వోల్టుల కంట్రోలర్లలో 20 నుంచి 30 దాకా ఉంటుంది. కనెక్టర్ ఆ అంకెకు కనీసం ఒకటిన్నర రెట్లు తట్టుకోవాలి. మన దగ్గర మే నెలలో ఎండ 44, 45 డిగ్రీలకు వెళ్తుంది. నల్లటి ఫ్రేములో మూసిపెట్టిన కంట్రోలర్ పెట్టెలో అంతకంటే ఎక్కువే. కనెక్టర్ మీద రాసిన రేటింగు ఈ వేడిని లెక్కేసి రాసినది కాదు.

వదులు కాంటాక్టు ఎందుకు కరుగుతుందో ఒక్క లెక్కలో తేలిపోతుంది. వేడి అంటే కరెంటు వర్గాన్ని రెసిస్టెన్సుతో గుణించడమే. మంచి కాంటాక్టులో రెసిస్టెన్సు ఒక మిల్లీఓమ్ లోపు ఉంటుంది, 15 ఆంపియర్ల దగ్గర పావు వాటు వేడి కూడా పుట్టదు. తుప్పు పట్టో, స్ప్రింగు సడలో అది 10 మిల్లీఓములు అయిందనుకోండి, రెండు వాట్ల పైచిలుకు వేడి ఆ చిన్న పిన్ను దగ్గరే పుడుతుంది. ప్లాస్టిక్ మెత్తబడుతుంది, పిన్ను ఇంకా వదులవుతుంది, వేడి ఇంకా పెరుగుతుంది. కరిగిన కనెక్టర్ కనిపించిందంటే ఒక సగమే మార్చి సరిపెట్టకండి. రెండో సగంలో ఉన్న పాత కాంటాక్టు కొత్తదాన్ని కూడా పాడు చేస్తుంది.

నాలుగో పని: కొలవడం

వెర్నియర్ (మందం కచ్చితంగా కొలిచే పరికరం) ఉంటే మంచిది, ప్లాస్టిక్ డిజిటల్ వెర్నియర్ అయినా చాలు. గుండ్రటి పిన్ను అయితే దాని మందం కొలవండి. వరుసగా పిన్నులుండే సన్నటి కనెక్టర్ అయితే పిన్నుకూ పిన్నుకూ మధ్య దూరం కావాలి. రెండు పక్క పిన్నుల మధ్య కొలిస్తే తేడా వస్తుంది. మొదటి పిన్ను మధ్య నుంచి చివరి పిన్ను మధ్య దాకా కొలిచి, పిన్నుల సంఖ్యలోంచి ఒకటి తీసేసి దాంతో భాగించండి. ఆరు పిన్నులకు 12.5 ఎంఎం వస్తే, అయిదుతో భాగిస్తే 2.5 ఎంఎం. వైరు మందాన్ని షాపు భాషలో చదరపు ఎంఎంలో చెప్పండి. ఆన్‌లైన్ పేజీల్లో ఏడబ్ల్యూజీ (అమెరికన్ వైరు సైజు) అంకెలు ఉంటాయి, అంకె పెరిగేకొద్దీ వైరు సన్నబడుతుంది. 12 అంటే సుమారు 3.3 చదరపు ఎంఎం, 14 అంటే 2.1, 16 అంటే 1.3, 22 అంటే 0.33.

అయిదో పని: జాతి గుర్తుపట్టడం

బ్యాటరీ దగ్గర పసుపు రంగులో, ఒక వైపు మూలలు కోసినట్టు ఉండే రెండు పిన్నుల కనెక్టర్ కనిపిస్తే అది ఎక్స్‌టీ కుటుంబం. పిన్ను 2 ఎంఎం అయితే ఎక్స్‌టీ30, 3.5 అయితే ఎక్స్‌టీ60, 4.5 అయితే ఎక్స్‌టీ90. పేరులో 60 ఉందని 60 ఆంపియర్లు ఎంతసేపైనా పోనివ్వొచ్చని కాదు, అది కాసేపటి గరిష్ఠం. ఏకధాటిగా అందులో సగం అనుకోండి. 15 ఆంపియర్ల సైకిల్‌కు ఎక్స్‌టీ60 సుఖంగా సరిపోతుంది. కొత్తగా పెట్టేవాళ్ళకు నేను చెప్పేది కూడా అదే. 48 వోల్టుల పెద్ద కంట్రోలర్ అయితే తగిలించేటప్పుడు టప్‌మని మెరుపు వస్తుంది, ఖాళీ కెపాసిటర్లు ఒక్కసారిగా నిండటం వల్ల. ఆ మెరుపు కాంటాక్టు మీద గుంటలు చేస్తుంది. అక్కడ ఎక్స్‌టీ90-ఎస్ తీసుకోండి. లోపల చిన్న రెసిస్టర్ ఉంటుంది, ఆకుపచ్చ రంగు భాగంతో గుర్తుపట్టొచ్చు. మొదట కొంచెం నెట్టి ఒక్క క్షణం ఆగి, తర్వాత పూర్తిగా నెట్టాలి.

ఎరుపు, నలుపు చదరపు డబ్బాలు పక్కపక్కన అతికించినట్టు ఉండి, రెండు సగాలూ అచ్చం ఒకేలా ఉంటే అది ఆండర్సన్ పవర్‌పోల్. దానికి మేల్ (పిన్నులున్న సగం), ఫీమేల్ (రంధ్రాలున్న సగం) అనేవి లేవు. మంచిదే గానీ దానికి సరైన క్రింపింగ్ టూల్ (పిన్నును వైరు మీద నొక్కి బిగించే పనిముట్టు) కావాలి, మన ఊళ్ళో అది అందరి దగ్గరా ఉండదు. ఫ్రేము కింది గొట్టం మీద జారించి తాళం వేసే బ్యాటరీలకు అడుగున రేకు కాంటాక్టుల సీటు ఉంటుంది. వీటిలో నాలుగు, అయిదు పిన్నుల రకాలున్నాయి. ఆ సీటు కాలిపోతే విడి పిన్నుల కోసం వెతక్కుండా పిన్నుల లెక్క చూసి సీటు మొత్తం తెప్పించుకోండి.

మోటార్ కేబుల్ చివర గుండ్రటి రబ్బరు మూత లాంటి కనెక్టర్, లోపల మూడు లావు, ఆరు సన్నటి పిన్నులు ఉంటే అది హైగో లేదా జులెట్ తొమ్మిది పిన్నుల రకం. హ్యాండిల్ దగ్గర ఎరుపు, పసుపు, ఆకుపచ్చ రంగుల చిన్న గుండ్రటివి కూడా ఆ కుటుంబానివే. రంగును చూసి ఆర్డర్ పెట్టకండి, కంపెనీని బట్టి రంగు మారుతుంది. పిన్నులు లెక్కపెట్టండి, ఏ సగంలో పిన్నులున్నాయో ఏ సగంలో రంధ్రాలున్నాయో చూడండి, ముఖం వ్యాసం కొలవండి. వీటిని తగిలించేటప్పుడు బాణం గుర్తులు ఎదురెదురుగా పెట్టి నిటారుగా నెట్టాలి. తిప్పితే లోపలి పిన్ను వంగుతుంది, వంగిన పిన్ను మళ్ళీ సరిగ్గా నిలబడటం అరుదు.

ఈ గుండ్రటి కనెక్టర్లు పోత పోసి వస్తాయి, విప్పి పిన్ను మార్చడం కుదరదు. దీనికి సులువైన దారి అదే రకం ఎక్స్‌టెన్షన్ కేబుల్ కొనడం. దాన్ని మధ్యలో కోస్తే మేల్ ఒకటి, ఫీమేల్ ఒకటి, రెండూ వైర్లతో సహా చేతికొస్తాయి. మీకు కావాల్సిన సగాన్ని వాడుకుని రెండోది దాచుకోండి. లోపలి వైర్ల రంగులు మీ సైకిల్ రంగులతో కలవవు, కాబట్టి మల్టీమీటర్‌ను కంటిన్యుటీలో (రెండు కొసలు కలిసి ఉంటే బీప్ మోగే సెట్టింగు) పెట్టి పిన్ను పిన్నుకూ ఏ వైరో రాసుకున్నాకే అతకండి.

విడి కిట్లలో ఫేజు వైర్లకు 3.5 లేదా 4 ఎంఎం బుల్లెట్లు (ఒక్కో వైరుకు ఒక్కో గుండ్రటి పిన్ను కనెక్టర్) ఉంటాయి. మూడూ ఒకే పెట్టెలో కావాలంటే ఎంటీ60 అని మూడు పిన్నులది దొరుకుతుంది. సన్నటి వైర్లకు జేఎస్‌టీ-ఎస్ఎం రకం ఎక్కువ. తెల్లటిదో నల్లటిదో, పక్కన నొక్కే నాలుక ఉంటుంది, దూరం 2.5 ఎంఎం, పిన్నుకు 3 ఆంపియర్ల దాకా. అది సిగ్నల్ వైర్లకే. దాని గుండా మోటార్ కరెంటు పంపే ఆలోచన వద్దు.

చార్జర్ దగ్గర ఇంకొంచెం ఆగండి. గుండ్రటి డీసీ పిన్ను బయట 5.5 ఎంఎం ఉంటుంది గానీ లోపలి రంధ్రం 2.1, 2.5 అని రెండు రకాలు. 2.1 రంధ్రం 2.5 పిన్ను మీదికి వెళ్ళదు, అది తెలిసిపోతుంది. 2.5 రంధ్రం 2.1 పిన్ను మీద వదులుగా కూర్చుంటుంది, చార్జ్ అవుతున్నట్టే ఉండి వేడెక్కుతుంది. ఇవి కాక మూడు పిన్నుల ఎక్స్ఎల్ఆర్, మర తిప్పి బిగించే జీఎక్స్16 కూడా ఉన్నాయి. వీటిలో ఏ పిన్ను ప్లస్సో కంపెనీని బట్టి మారుతుంది. పిన్ను పట్టినా మల్టీమీటర్‌తో ప్లస్, మైనస్ చూడకుండా వేరే చార్జర్ పెట్టకూడదు.

లెడ్ యాసిడ్ బ్యాటరీల వాహనాల్లో కంప్యూటర్ పవర్ కేబుల్‌కు ఉండే మూడు పిన్నుల సాకెట్టే చార్జింగ్‌కు పెట్టడం చాలా చోట్ల కనిపిస్తుంది. ఇంట్లో ఎవరైనా కంప్యూటర్ కేబుల్ తెచ్చి నేరుగా గోడ ప్లగ్గుకు పెడితే బ్యాటరీలోకి 230 వోల్టులు వెళ్తాయి. ఇంట్లో వాడే 5 ఆంపియర్ల మూడు పిన్నుల ప్లగ్గును బ్యాటరీకి బిగించే మెకానిక్కులు కూడా ఉన్నారు. చవక, ఎక్కడైనా దొరుకుతుంది, నిజమే. పిల్లలున్న ఇంట్లో దాన్ని చూస్తే నాకైతే టెన్షన్. మీ సైకిల్‌కు ఈ రెండింటిలో ఏది ఉన్నా మిగతావన్నీ ఆపి ముందు దాన్ని మార్చండి.

ఆరో పని: ఎక్కడ కొనాలి

బుల్లెట్లు, 6.3 ఎంఎం రేకు కప్లర్లు, థింబుళ్ళు (వైరు కొసకు బిగించే లోహపు తొడుగులు), హీట్ స్లీవ్ (వేడి చేస్తే ముడుచుకుని అతుకును కప్పే గొట్టం) మన ఆటో ఎలక్ట్రికల్ షాపుల్లోనే దొరుకుతాయి. రెండు వైపులా మార్చుకోగల 15 ఆంపియర్ల లైనుకు, అత్యవసరమైతే, గట్టిగా క్రింప్ చేసిన 6.3 ఎంఎం కప్లర్ పని నడిపిస్తుంది. నీళ్ళు పోకుండా సీలు ఉన్నది అడగండి. ఎక్స్‌టీ60 లాంటివి డ్రోన్లు, రిమోట్ బొమ్మల సామాను అమ్మేవాళ్ళ దగ్గరా, కాలేజీ ప్రాజెక్టుల ఎలక్ట్రానిక్స్ షాపుల్లోనూ అడగాలి. "ఈ-సైకిల్‌ది" అనకుండా "ఎక్స్‌టీ60, డ్రోన్ బ్యాటరీకి పెట్టేది" అంటే వెంటనే అర్థమవుతుంది. హైదరాబాద్ పని ఉంటే కోఠి గుజరాతీ గల్లీలో జేఎస్‌టీ పిన్నులు, జీఎక్స్16, డీసీ సాకెట్లు చేత్తో పట్టుకుని చూసి కొనుక్కోవచ్చు. పాత ముక్కను జేబులో వేసుకెళ్ళండి. హైగో, జులెట్ రకాలు మాత్రం ఆన్‌లైన్‌లో తెప్పించుకోవడమే మేలు.

ఆన్‌లైన్‌లో పేరు చివరి అక్షరాలు చదవండి. ఎక్స్‌టీ60 పక్కన పీడబ్ల్యూ అని ఉంటే అది సర్క్యూట్ బోర్డుకు అతికే కాళ్ళున్నది, వైరుకు పనికిరాదు. హెచ్ ఉంటే వెనుక మూతతో వస్తుంది, సైకిల్‌కు అదే బాగుంటుంది. అసలు తయారీదారు అమాస్ పేరు ప్లాస్టిక్ మీద అచ్చు పోసి ఉంటుంది. పేరు లేని చవక నకళ్ళు సోల్డర్ వేడికే మెత్తబడి పిన్నులు పక్కకు జరుగుతాయి. మేల్, ఫీమేల్ విషయంలో అమ్మేవాళ్ళందరూ ఒకే మాట మీద ఉండరు, కాబట్టి జతగా కొనడమే నయం.

ఏడో పని: బిగించడం

బ్యాటరీ వైపు ఎప్పుడూ రంధ్రాలున్న సగమే ఉండాలి. కరెంటు ఉన్న పిన్నులు బయటికి కనిపించకూడదు. ప్లస్, మైనస్ గుర్తులు ప్లాస్టిక్ మీదే ఉంటాయి, చూసుకుని వేయండి.

సోల్డర్ చేసే ముందు స్లీవ్ ముక్కలు వైరుకు ఎక్కించండి. కరెంటు లేని ఖాళీ సగాన్ని రెండో వైపు తగిలించి ఉంచితే వేడికి పిన్నులు కదలవు. సెల్‌ఫోన్ రిపేరుకు వాడే 25 వాట్ల సన్న ఐరన్ దీనికి చాలదు. ఎంతసేపు పెట్టినా సీసం పైపైన ముద్దగా నిలుస్తుంది, ప్లాస్టిక్ మాత్రం కాలుతుంది. 60 వాట్లది కావాలి. ముందు వైరు కొసకూ, పిన్ను గిన్నెకూ విడివిడిగా సీసం పట్టించి, తర్వాత రెండూ కలిపి రెండు మూడు సెకన్లలో ముగించాలి.

సన్నటి వైర్లకు సోల్డర్ కంటే క్రింపింగే మంచిది. సీసం పట్టిన చోట వైరు బిగుసుకుపోతుంది, మన స్పీడ్ బ్రేకర్ల అదురుకు ఆ అంచు దగ్గరే తెగుతుంది. జేఎస్‌టీ పిన్నుకు రెండు జతల రెక్కలుంటాయి. ముందు జత రాగిని, వెనుక జత వైరు పైతొడుగును పట్టుకోవాలి. పిన్ను ఒక స్థానంలో తప్పుగా గుచ్చితే కనెక్టర్ పారేయనక్కర్లేదు. ముందు వైపు నుంచి సూదితో చిన్న నాలుకను నొక్కి వెనక్కి లాగితే వచ్చేస్తుంది.

మధ్యలో ఫ్యూజు పెట్టే ఆలోచన ఉంటే ఒక మాట. కార్లకు వాడే బ్లేడు ఫ్యూజుల్లో ఎక్కువ భాగం 32 వోల్టుల రేటింగువి. 36, 48 వోల్టుల మీద అవి తెగినా లోపల మంట ఆరకపోవచ్చు. 58 వోల్టులో, అంతకు మించినదో అడిగి తీసుకోండి.

వానలకు కనెక్టర్‌ను ఫ్రేము అడుగున నీళ్ళు నిలిచే చోట ఉంచకండి. రెండు వైపుల వైరూ కనెక్టర్ కంటే కిందికి వంగి పైకి వచ్చేలా కట్టండి, వైరు వెంట జారిన నీరు ఆ వంపు దగ్గరే కారిపోతుంది. సిలికాన్ గ్రీజు కొంచెం రాస్తే తుప్పు పట్టదు. ఇన్సులేషన్ టేపు ఒక్కదాన్నే నమ్ముకుంటే మే ఎండకు జిగురు కారి, జూన్ వానకు ఊడిపోతుంది.

ఎనిమిదో పని: పరీక్ష

బ్యాటరీ తగిలించే ముందు కంట్రోలర్ వైపు ప్లస్, మైనస్ మధ్య కంటిన్యుటీ చూడండి. కెపాసిటర్ల వల్ల మొదట ఒక్కసారి బీప్ రావచ్చు, ఆగకుండా మోగితే మాత్రం షార్టు ఉన్నట్టే. తర్వాత వెనుక చక్రం గాలిలో ఉండేలా సైకిల్‌ను స్టాండు మీదికి ఎత్తి ఆన్ చేయండి. యాక్సిలరేటర్ మార్చి ఉంటే, కనెక్టర్ వెనుక నుంచి సూది మొనలు పెట్టి కొలవండి. ఎరుపు, నలుపు మధ్య 5 వోల్టులకు అటూ ఇటూ, సిగ్నల్ వైరులో వదిలేసినప్పుడు సుమారు 0.8, పూర్తిగా తిప్పితే 3.5 నుంచి 4.2 మధ్య రావాలి. మోటార్ కనెక్టర్ మార్చాక చక్రం గరగరమంటూ అదిరినా, వెనక్కి తిరిగినా ఫేజు, హాల్ వైర్ల వరుస తారుమారైందన్నమాట. రాసుకున్న కాగితం తీసి సరిచూడండి. లెర్నింగ్ వైర్లున్న కంట్రోలర్ అయితే ఆ రెండూ కలిపి ఆన్ చేస్తే తనే వరుస కనుక్కుంటుంది. చక్రం ముందుకు సాఫీగా తిరిగాక వాటిని విడదీయాలి.

చివరగా రెండు మూడు కిలోమీటర్లు నడిపి, ఒక ఎత్తు ఎక్కించి, ఆపి, స్విచ్ ఆఫ్ చేసి లావు వైర్ల కనెక్టర్‌ను చేత్తో పట్టుకుని చూడండి. గోరువెచ్చగా ఉంటే పర్వాలేదు. వేలు నిలవనంత వేడిగా ఉంటే మొదట సోల్డర్‌ను, తర్వాత పిన్ను బిగువును చూడండి. రెండూ బాగున్నా వేడి తగ్గకపోతే ఒక సైజు పెద్ద జత తీసుకుని రెండు వైపులా మార్చండి. చార్జర్ పిన్నునూ మొదటి అరగంట తర్వాత ఇలాగే ఒకసారి తాకి చూడండి.